బావిలో కాపురాలు

పోయిన వారం మా నాయన ఫోన్ చేశాడు. పాపకు దగ్గు తగ్గిందా అని అడిగాడు, అల్లుడు డ్యూటీకి వెళ్ళాడా అని అడిగాడు, మీ వెంకటాచలంలో ఎండలు ఎట్టా ఉన్నాయని అడిగాడు. ఇవన్నీ అయ్యాక, పెరట్లో బావి పూడిపిస్తున్నామని చెప్పాడు. రొయ్యల మేత బస్తాలు పెట్టుకోవడానికి షెడ్డు వేయాలట, బావి అడ్డంగా ఉందట, ఎట్టాగూ దాంట్లో నీళ్ళు తోడేవాళ్ళు ఎవరూ లేరు కదా అట. ఆదివారం ట్రాక్టరు మట్టి వస్తుందన్నాడు. "ఒకసారి వచ్చిపో బుజ్జమ్మా" అన్నాడు చివరికి. మా నాయన నోరు తెరిచి రమ్మని అడిగే మనిషి కాదు. మేమే వెళ్తే సంతోషిస్తాడు, వెళ్ళకపోతే పని ఉండిందేమో అనుకుంటాడు. అట్లాంటి మనిషి రమ్మన్నాడు గనక వెళ్ళాము. వెళ్ళి వచ్చి నాలుగు రోజులైంది. పాపను పడుకోబెట్టి, దుప్పటి కింద దాని ఊపిరి సరిగ్గా ఆడుతోందా అని రెండుసార్లు చూసుకుని, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. రాస్తే ఏమవుతుందో నాకు తెలియదు. రాయకపోతే నిద్ర పట్టడం లేదు.

మా ఊరు చిల్లకూరు మండలంలో సముద్రం వైపున ఉంది. పెరట్లో నిలబడితే సముద్రం కనిపించదు గాని, దాని గాలికి తాళం కప్పలు ఏడాదికొకటి తుప్పు పట్టేవి. అట్లాంటి నేలలో మా బావి నీళ్ళు తియ్యగా ఉండేవి. వీధిలో ఇంకా మూడు బావులున్నాయి గాని అవి బట్టలకూ గొడ్లకూ పనికొచ్చే నీళ్ళు. పప్పు ఉడకాలన్నా, బాలింతకు నీళ్ళు కాచాలన్నా, చుట్టాలకు కాఫీ పెట్టాలన్నా మా బావికే వచ్చేవాళ్ళు. సముద్రం ఒడ్డున పాళెంలో చేపలు పట్టేవాళ్ళ ఆడవాళ్ళు కూడా రెండేసి బిందెలతో వచ్చేవాళ్ళు. పోతూ పోతూ ఒక దోసెడు చిన్న చేపలు అరుగు మీద ఆకులో పెట్టి పోయేవాళ్ళు. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, వద్దనేది కాదు, కావాలని అడిగేదీ కాదు. ఇసక నేలలో వాన నీళ్ళు ఉప్పు నీళ్ళ మీద తేలుతూ ఉంటాయనీ, పైవి ఎక్కువ తోడేస్తే కిందివి లేస్తాయనీ నేను డిగ్రీలో చదువుకున్నాను. అవ్వకు అది చదవకుండానే తెలుసు. "కిందుండేది సముద్రమే మే. పాల మీద మీగడంత నీళ్ళు మనకిచ్చి అది పడుకోనుంది. దాన్ని లేపబాకండి" అనేది.

ఆ బావిలో ఎవరెవరు కాపురం ఉండేవాళ్ళో నాకు చెప్పింది కూడా అవ్వే. వాళ్ళను ఆమె పురుగులూ జంతువులూ అన్నట్టు చెప్పేది కాదు, వీధిలో ఇళ్ళ గురించి చెప్పినట్టు చెప్పేది. పైన ఇటుకల సందుల్లో సన్నటి నల్ల కాడలతో, చిటికెన గోరంత ఆకులతో ఒక మొక్క గుబురుగా పెరిగేది. అవ్వ దాన్ని బావాకు అనేది. దాని నీడన కప్పలు. కొంచెం కింద ఇటుక ఊడిపోయిన బొరియలో గోరింకల గూడు. నీళ్ళలో బేడిస చేపలు, వెండి నాణేలు తిరిగినట్టు తిరిగేవి. దోమలు పెట్టిన పిల్లల్ని బేడిసలు తింటాయి, బేడిసల్నీ కప్పల్నీ ఎప్పుడన్నా వచ్చే నీరుకట్టు పాము తింటుంది, పాము ఎక్కువ రోజులుంటే గోరింకలు అరిచి గోల చేస్తాయి, ఆ గోలకు నాయన కర్ర తీసుకుని వస్తాడు. అందరికంటే అడుగున తాబేలు. అవ్వ కాపురానికి వచ్చేనాటికే అది ఉందట. దాన్ని ముసిలోడు అనేది. రాలిన ఆకులూ, చచ్చిన పురుగులూ, బొక్కెనలోంచి జారిన మెతుకులూ దాని వంతు. "ఆ ముసిలోడు ఊడవకపోతే మీ అమ్మ వండిన పప్పు కంపు కొడద్ది" అని అవ్వ అంటే, అమ్మ వంటింట్లోంచి "అయితే పప్పు ఆయన్నే వండమను" అనేది.

బొక్కెన వదిలే ముందు బావి చుట్టూ ఉండే ఒర గోడ మీద అరచేత్తో రెండుసార్లు తట్టాలి, లోపలివాళ్ళు పక్కకు తప్పుకోవాలి గనక. దీపాలు పెట్టాక నీళ్ళు తోడకూడదు, వాళ్ళు పడుకునే వేళ గనక. బావాకు పీకకూడదు, అది పచ్చగా ఉందంటే నీళ్ళు బాగున్నట్టు. ఇవి మా ఇంట్లో సూత్రాలు. సోపు నురగ ఒరవైపు పారిందంటే అమ్మకు కూడా మాట పడేది. ఎండాకాలం పూడిక తీసే రోజు నాకు పండగ. బేడిసల్ని గంగాళంలో, ముసిలోణ్ణి తడి గోనెసంచి కప్పిన తొట్టిలో, పశువుల కొట్టం నీడన పెట్టేవాళ్ళం. ఆ ఒక్క రోజు దాన్ని చేత్తో తాకనిచ్చేవాళ్ళు. డొప్ప మీద నాచు, ఒక పక్క పాత బొక్కెన తగిలి పడిన నొక్కు. మెడ చాపి, నా మొహంలోకి చూసి, నేను పెట్టిన తోటకూర కాడను నమిలేది. నమిలే చప్పుడు కూడా నాకు గుర్తుంది.

నాకు పదేళ్ళప్పుడు మా నాయన వరి మానేసి రొయ్యల గుంట తవ్వించాడు. ఊళ్ళో ఆయనే మొదటివాడు కాదు, చివరివాడికి ముందువాడు. అప్పటికే ఊరి చుట్టూ చేలన్నీ చదరాలు చదరాలుగా గుంటలైపోయి, రాత్రీ పగలూ మోటార్ల మోత. చుట్టూ గుంటలుంటే నడుమ చేలో వరి పండదు, ఉప్పు ఊరి కంకులు తాలుపోతాయి. రెండేళ్ళు చూసి, మూడో ఏడు ఆయన కూడా తవ్వించాడు. ఇది ఆయన తప్పు అని రాయడానికి నాకు చెయ్యి రాదు. ఆ గుంట పెట్టిన తిండి తిని, ఆ గుంట చదివించిన చదువు చదివి, ఇప్పుడీ వాక్యాలు రాస్తున్నాను.

గుంట గురించి నాయన చెప్పే పాఠం అవ్వ పాఠానికి పూర్తిగా ఎదురు. ఉప్పుటేటి నీళ్ళు తోడి, సన్నటి వల గుండా వడగట్టి, బ్లీచింగు చల్లి, అందులో ప్రాణమున్నది ఏదీ లేకుండా చేసి, అప్పుడు రొయ్య పిల్లల్ని వదలాలి. పీత వస్తే రోగం తెస్తుందని చుట్టూ నీలం వల కట్టాలి. కొంగ వస్తే రొయ్యను తింటుందని గుంట మీద అడ్డంగా దారాలు లాగాలి. బ్లీచింగు చల్లిన మర్నాడు నేను నాయనతో వెళ్ళాను. గట్టు పొడుగునా పీతలూ, చిన్న చేపలూ, నేను పేరెరగని పురుగులూ తెల్లగా తేలి ఉన్నాయి. నాయన గంపతో ఎత్తి పోస్తున్నాడు. ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. ఆమె తమలపాకుకు సున్నం రాస్తూ విని, "ఒక్క జాతే ఉంటే అదెట్ట బతుకుద్దిరా?" అని నాయన్ను అడిగింది. "మేం బతికిస్తాం లేమ్మా, మందులుండాయి" అన్నాడు నాయన. ఆయన నమ్మే అన్నాడు.

ముందు పోయింది బావాకు. ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగాయి. ఎండలు ఎక్కువని అనుకున్నాం. ఆ వానలకు కప్పలు ఎప్పటిలా అరవలేదు. పాము మింగి ఉంటుందని అనుకున్నాం. తర్వాత తలంటుకుంటే జుట్టు అతుక్కుపోవడం మొదలైంది, కుంకుడుకాయలు పాతవేమో అనుకున్నాం. ఆ పైన కందిపప్పు ఉడకడం మానేసింది. అమ్మ గంట సేపు పొయ్యి మీద ఉంచినా గింజ గింజగానే ఉండేది. పప్పు పాతదని అమ్మకు ఒకటే నమ్మకం. నన్ను అంగడికి మూడుసార్లు తిప్పి పంపింది. మూడోసారి అంగడాయన పొట్లం మారుస్తూ, "ఇంకెవరూ తిప్పి పంపని పప్పు మీ ఇంట్లోనే ఉడకదంటే, పొయ్యి మార్చమను మీ అమ్మని, నా అంగడి కాదు" అన్నాడు. అమ్మ ఆ మాటకు పది రోజులు ఆ అంగడి గడప తొక్కలేదు. వేరే ఊరి నుంచి పప్పు తెప్పించింది. అదీ ఉడకలేదు.

నీళ్ళ మాట మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. రోజుకొక రవ్వ చొప్పున మారే రుచి నాలుకకు తెలియదని ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటాను. అది సగమే నిజం. అవ్వ ఒకరోజు నాయన చేత ఉసిరి చెట్టు కొమ్మలు నరికించి, ముక్కలు చేయించి, బావిలో వేయించింది. ఉసిరి చెక్కలు నీళ్ళకు తీపినిస్తాయని మా వైపు పాత నమ్మకం. ఎందుకు వేయిస్తున్నావని నాయన అడగలేదు, ఎందుకో ఆమె చెప్పలేదు. ఆయన గొడ్డలితో చెక్కలు కొడుతున్నంత సేపూ ఆమె పక్కన నిలబడి, ఇంకొంచెం చిన్నవి, ఇంకొంచెం చిన్నవి అంటూ ఉంది. పాళెం నుంచి వచ్చే ఆడవాళ్ళు ఒకరొకరే తగ్గారు. వాళ్ళూ కారణం చెప్పలేదు. చేపలు పెట్టే అరుగు మీద పిల్లి వచ్చి కూర్చుని పోయేది.

చెప్పింది మా అత్త. సూళ్లూరుపేటలో ఉండే నాయన చెల్లెలు, సెలవులకు వచ్చింది. అమ్మ కాఫీ ఇస్తే ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టింది. "వదినా, చక్కెర డబ్బా అనుకోని ఉప్పు డబ్బా తీసినావా?" అంది నవ్వుతూ. అమ్మ మొహం మాడ్చుకుంది. అత్త లేచి, బావి దగ్గరికి వెళ్ళి, బొక్కెన తోడి, దోసిలితో తాగి చూసింది. ఆమె పుట్టి పెరిగిన బావి అది. పుక్కిలించి ఉమ్మేసి, తిరిగి వచ్చి, అందరి మొహాలూ ఒకసారి చూసింది. "మీకెవరికీ తెలవలేదా?" అంది. అమ్మ కొంగు సవరించుకుంది. నాయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నేను అప్పటికే కొన్నాళ్ళుగా బళ్ళోకి పట్టుకుపోయే సీసా నీళ్ళు తాగకుండా దారిలో పారబోసి, బళ్ళో కుళాయి దగ్గర పట్టుకుంటున్నాను. ఎందుకని నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. తెలియనిది ఎవరికి?

ఆ సాయంత్రం నాయన గుంట నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే బట్టలుతికే బండ మీద కూర్చున్నాడు. అవ్వ ఒర పక్కన కూర్చుని ఉంది. నేను తులసి కోట వెనక పుస్తకం పట్టుకుని ఉన్నాను.

"మన గుంట పూడిస్తే ఆగుద్దా అమ్మా?" అన్నాడు నాయన.

"ఆగదు."

"పక్కనోళ్ళవి ఎనిమిది గుంటలుండాయి. వాళ్ళు మాన్తారా?"

"మానరు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"నిన్నేం చెయ్యమన్లా. ఆగదని తెలుసు గనకనే ఇన్నాళ్ళూ అడగలా." అవ్వ ఒర మీద అరచెయ్యి పెట్టింది. తర్వాత, "సముద్రాన్ని లేపినారు. అది మళ్ళీ పండుకోదు. నోరులేని ఆ ముసిలోణ్ణి మాత్రం ఉప్పులో చంపబాకరా" అంది.

మర్నాడు పొద్దున నాయన తానే పంచె ఎగగట్టి బావిలోకి దిగాడు. పెళ్ళికి ముందు ఎప్పుడో దిగాడట, మళ్ళీ అదే. అమ్మ పైన తాడు పట్టుకుని, కిందికి చూడలేక పక్కకు చూస్తూ నిలబడింది. చాలా సేపటికి ఆయన తాబేల్ని ఛాతీకి ఆనించుకుని, ఒక చేత్తో ఇటుకల మెట్లు పట్టుకుంటూ పైకి వచ్చాడు. దాని కళ్ళు వాచి, మీద తెల్లటి పొర కమ్మి ఉంది. "బేడిసలు చేతికి రాలా" అన్నాడు. ఒళ్ళంతా ఉసిరి చెక్కల తుక్కు అంటుకుని ఉంది.

దాన్ని ఎక్కడ వదలాలనేది అప్పటిదాకా ఎవరూ ఆలోచించలేదు. ఊరి చుట్టూ ఎటు చూసినా నీళ్ళే, కానీ ఒక్క గుక్క మంచి నీళ్ళు లేవు. పంట కాలువలో ఇప్పుడు గుంటల నుంచి వదిలిన మురుగు పారుతోంది. ఊరి చెరువు అడుగంటింది. పక్క బావులు మా బావికంటే ముందే పోయాయి. గుంటల వాళ్ళు తాబేలని వింటేనే మండిపడ్డారు, రొయ్యను తింటుందని. అవ్వ వినీ వినీ, తడి గోనెలో దాన్ని చుట్టి, తాటాకు బుట్టలో పెట్టి, మీద తన పాత చీర కప్పి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. గూడూరు దాటి పడమటగా పోతే ఆమె పుట్టిల్లు. అక్కడ చెరువుంది.

బస్సులో కండక్టరు బుట్టలో ఏముందని అడిగాడు. "మా ముసిలోడు" అంది అవ్వ. "ముసిలోళ్ళకి రాయితీ ఉండాదవ్వా, కాకపోతే మొగం చూపించాల" అన్నాడాయన. అవ్వ చీర అంచు తీసింది. ముసిలోడు మెడ చాపాడు. వెనక సీటులో ఒకామె కెవ్వుమంది, బస్సంతా నవ్వులు. కండక్టరు టికెట్టు కొట్టకుండానే ముందుకు పోయాడు. గూడూరు వచ్చేదాకా పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చూసి పోయారు. నేను గర్వంగా అందరికీ దాని డొప్ప మీది నొక్కు చూపించాను. అవ్వ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, ఒక చెయ్యి గోనె మీద పెట్టి, అది ఆరిపోయినప్పుడల్లా చెంబులో నీళ్ళు చిలకరిస్తూ ఉంది.

అవ్వ తమ్ముడి భార్య మమ్మల్ని గడప బయటే ఆపేసింది. "కోర్టు అమీనా చొచ్చిన ఇల్లు, తాబేలు చొచ్చిన ఇల్లు బాగుపడవంటారు వదినా, నీకు తెలీందేముంది" అంది నొచ్చుకుంటూ. "నేను కాపరానికి పోయినప్పట్నించి మా బావిలో ఉండాది. మీ గడప తొక్కాలని దానికేం మోజు లేదులే" అంది అవ్వ. మంచినీళ్ళు కూడా తాగకుండా చెరువుకు నడిచాం. చెరువు సగానికి ఉంది. తామరాకులు, ఒడ్డున తుంగ, నీళ్ళలోకి ఒంగి గేదెలు. అవ్వ దోసిలితో నీళ్ళు తీసి నాకు పట్టి, ఎట్టా ఉన్నాయని అడిగింది. ఆమె నాలుకకు వక్కా సున్నం తప్ప ఏ రుచీ మిగల్లేదు. తియ్యగా ఉన్నాయన్నాను. నిజంగానే తియ్యగా ఉన్నాయి. కొన్ని నెలలుగా అంత తియ్యటి నీళ్ళు తాగలేదు, ఇంకో దోసిలి అడిగి తాగాను. తాబేల్ని ఒడ్డున దించితే అది చాలాసేపు కదల్లేదు. తర్వాత ఒక కాలు, ఆగి మరో కాలు. మోకాటి లోతుకు వెళ్ళాక ఒక్కసారిగా మాయమైంది. అవ్వ దణ్ణం పెట్టలేదు, ఏడవలేదు. కాళ్ళు కడుక్కుని, చీర పిండుకుని, "పద, బస్సు పోద్ది" అంది.

ఆ తర్వాత బావిలో బేడిసలు మిగిలాయి. అవి రోజుకు రెండు, రోజుకు మూడు తేలేవి. అమ్మ తెల్లవారకముందే లేచి, పిండి జల్లెడకు తాడు కట్టి వాటిని దేవి, అరటి చెట్టు మొదట్లో పూడ్చేది. ఒకరోజు నేను చూశాను. అవ్వకు చెప్పొద్దని అమ్మ కళ్ళతోనే చెప్పింది. అవ్వకు అప్పటికే చూపు మందగించింది. పొద్దున ఒర దగ్గర కూర్చుని, "బేడిసలు తిరగతాండాయా మే?" అని అడిగేది. తిరుగుతున్నాయని చెప్పేదాన్ని. ఎన్ని అని ఆమె ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో తెలియదు. చివరివి ఎప్పుడు పోయాయో నాకు గుర్తు లేదు, పోయాక కూడా తిరుగుతున్నాయనే చెప్పాను.

మరుసటి ఎండాకాలం అవ్వ తమ్ముడు పెళ్ళి పిలుపుకు మా ఇంటికి వచ్చాడు. భోజనం చేస్తూ, మాటల్లో, తమ చెరువు చేపల వేలంపాట ఈసారి బయటి ఊరివాళ్ళు పాడుకున్నారనీ, చేపలు పట్టడానికి నీళ్ళన్నీ తోడేసి చెరువు ఎండగట్టారనీ చెప్పాడు. వడ్డిస్తున్న అమ్మ చెయ్యి ఆగింది. నాయన తల ఎత్తకుండా అన్నం కలుపుతున్నాడు. నేను అవ్వ వైపు చూడలేకపోయాను. ఆమె గోడకు చేరబడి, విసనకర్ర ఆపి, కాసేపు విన్నదాన్ని నమిలినట్టు నోరు కదిపింది.

"తాబేలుకు కాళ్ళుండాయిలే" అంది. "నీళ్ళు పోతే నడిచి పోద్ది, ఇంకో చోటు చూసుకుంటది. చేపలకే లేవు, పాపం. అరటి చెట్టు కింద పూడ్చుకోవాల్సిందే."

అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. అవ్వ విసనకర్ర మళ్ళీ ఊపుకోవడం మొదలుపెట్టింది. మర్నాటి నుంచి బేడిసల గురించి అడగడం మానేసింది.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఊరికి మొదట ట్యాంకరు నీళ్ళు వచ్చాయి, తర్వాత డబ్బా నీళ్ళు. మా నాయన గుంటకు రెండుసార్లు రోగం తగిలింది, రెండుసార్లు తేరుకుంది. మందులున్నాయన్న ఆయన మాటలో ఇప్పుడు ఆ నమ్మకం వినపడదు. మానేసి ఏం చేయాలో కూడా ఆయనకు తెలియదు. ఆ నేలలో ఇంక ఏదీ మొలవదు. ఇక్కడ నేను పాపకు నీళ్ళ డబ్బా తెరిచే ముందు దాని మూత మీద సీలు వేలితో తడిమి చూస్తాను. అయినా మరిగిస్తాను. మరిగించి చల్లార్చి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తాను, ఏమన్నా కదులుతోందా అని. మా బావిలో ఒకళ్ళనొకళ్ళు తింటూ, ఒకళ్ళు వదిలింది ఇంకొకళ్ళు ఊడుస్తూ అన్ని ప్రాణులు తిరిగిన నీళ్ళు తాగి నేను పెరిగాను. నా బిడ్డకు మాత్రం ఏ ప్రాణీ బతకని నీళ్ళు పడుతున్నాను. ఏదీ బతకలేదన్నదే నాకు ధైర్యం. ఈ మాట ఎవరితోనైనా అంటే నవ్వుతారు. అవ్వ బతికున్నా ఆమెతో అనలేను. ఆమె వేసే ప్రశ్న నాకు తెలుసు, బ్లీచింగు చల్లిన మర్నాడే నాయన్ను అడిగింది.

ఆదివారం మేము వెళ్ళేసరికి ట్రాక్టరు పెరట్లో నిలబడి ఉంది. అమ్మ ఒరకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గ్లాసుడు పాలు లోపలికి పోసింది. పాల చప్పుడు కింద నీళ్ళలో వినపడింది. నేను పాప చెయ్యి మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుని, ఒంగి చూశాను. నల్లటి నీళ్ళు, మధ్యలో ఆకాశం ముక్క, దాంట్లో నా తల. లోపల ఏమన్నా ఉన్నాయేమో చూశారా అని నాయన్ను అడిగాను. "రాత్రి బ్యాటరీ లైటేసి చూసినా. ఏం లేవు" అన్నాడు. ట్రాక్టరు వైపు తిరిగి, "పొద్దున మళ్ళీ చూసినా" అన్నాడు.

పూడ్చే బావికి ఊపిరి ఆడాలి, లేకపోతే ఇంటికి మంచిది కాదంటారు. అందుకని నడుమ ఒక గొట్టం నిలబెట్టి పూడుస్తారు. నాయన కొత్త తెల్ల పైపు కొనుక్కొచ్చాడు, కావలసిన దానికంటే పొడుగుది. దాన్ని తానే రెండు చేతులతో నిలువుగా పట్టుకుని నిలబడ్డాడు. ట్రాక్టరు మట్టి వదిలింది. మొదటి మట్టి నీళ్ళలో పడిన చప్పుడుకు పాప నా కాళ్ళను వాటేసుకుంది. తర్వాత చప్పుడు మెత్తబడింది, ఆ తర్వాత లేదు. సాయంత్రానికి పెరట్లో ఒక మట్టి దిబ్బ, దాని నడుమ పాప నడుము ఎత్తున తెల్ల పైపు.

"తాతా, ఈ పైపెందుకు?" అంది పాప.

"బావికి గాలాడాలమ్మా" అన్నాడు నాయన.

"లోపల ఎవరున్నారు?"

"ఎవురూ లేరు తల్లీ."

"మరి గాలి ఎవరికి?"

నాయన నా వైపు చూశాడు. చదువుకున్న కూతురు ఏదైనా చెబుతుందేమోనని చూశాడు. తాతను విసిగించకు అని పాపను కసిరాను, నాకు వచ్చిన జవాబు అదే. పైపు నోట్లో పాప చెయ్యి పెట్టి ఇరికించుకుంటుందని, పైన కట్టడానికి వల ముక్క ఏదన్నా ఉందేమో చూస్తానని నాయన కొట్టంలోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఎంతకీ రాలేదు. పాప దిబ్బ మీదికి ఎక్కింది. రెండు చేతులతో పైపు పట్టుకుని, లోపలికి ఒక కన్ను పెట్టి చూసింది. తర్వాత దానికి నోరు ఆనించి ఊదడం మొదలుపెట్టింది. మట్టి నోట్లోకి పోతుందని, దగ్గు మళ్ళీ తిరగబెడుతుందని, నేను లేచి రెండడుగులు వేశాను. వేసి ఆగిపోయాను. అది ఆగి, గుండెల నిండా గాలి పీల్చుకుని, బుగ్గలు ఉబ్బించి, మళ్ళీ ఊదింది.